పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: బ్రెజిల్‌లో బానిసత్వ నిర్మూలనకు పోరాడిన జొవాకీం నబూకో పాత్రికేయుడా, రాజకీయ నాయకుడా, రాయబారా?

జవాబు: మూడు బాధ్యతలనూ ఆయన నిర్వహించారు. 1849లో రెసీఫెలో జన్మించిన నబూకో బాల్యం, జ్ఞానతల్లి (క్రైస్తవ సంప్రదాయంలో బాప్తిస్మ సమయంలో బిడ్డ బాధ్యత స్వీకరించే స్త్రీ) సంరక్షణలో మసంగానా చెరకు తోటలో గడిచింది. ఒకనాడు ఆయన ఇంటి మెట్ల మీద కూర్చుని ఉండగా, దాదాపు 18 ఏళ్ల బానిస యువకుడొకడు పరుగున వచ్చి ఆ పసివాడి కాళ్లు పట్టుకుని, తన యజమాని పెట్టే హింస భరించలేకున్నానని, తనను కొనమని జ్ఞానతల్లికి చెప్పమని ప్రాధేయపడ్డాడు. అంతవరకు తన చుట్టూ సహజంగా కనిపించిన వ్యవస్థ అసలు స్వరూపం ఆ క్షణంలోనే తెలిసిందని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆయన జీవితానికి అదే కీలకమని నా అభిప్రాయం.

పార్లమెంటు సభ్యునిగా ఉంటూ 1880లో బానిసత్వ వ్యతిరేక సంఘాన్ని స్థాపించారు. ఎన్నికల్లో ఓడినప్పుడు లండన్‌లో పత్రికా రచన చేస్తూనే 1883లో ‘ఓ అబొలిసియొనీజ్మో’ (బానిసత్వ నిర్మూలనవాదం) గ్రంథాన్ని ప్రచురించారు. 1888 మే 13న బానిసత్వం చట్టపరంగా రద్దయింది. మరుసటి ఏడాది రాచరికం కూలడంతో, రాచరికవాది అయిన నబూకో రాజకీయాలకు దూరమయ్యారు. పదేళ్ల తరువాత దౌత్యసేవకు అంగీకరించి, 1905లో అమెరికాకు బ్రెజిల్ తొలి రాయబారి అయ్యారు. 1910 జనవరిలో వాషింగ్టన్‌లో, ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు.