సేనాని లేని పేజీలు

అమ్మాయీ,

హైతీ బానిసల తిరుగుబాటులో సేనానిగా ఎదిగిన టూసాన్ లూవెర్చూర్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నడక నీకు పట్టుబడింది, దాని జోలికి పోను. నా పేచీ అంతా ‘ఆయన లేకపోతే హైతీ విప్లవమే లేదు’ అన్న నీ మొదటి మాటతోనే.

హైతీ అప్పటికి ఫ్రెంచివాళ్ల వలస. 1791 ఆగస్టులో దాని ఉత్తర మైదానపు చెరకు తోటలకు నిప్పంటుకున్నప్పుడు ఆ తిరుగుబాటును నడిపింది బూక్మాన్ వంటి బానిసలు. టూసాన్ తర్వాత వచ్చి కలిశాడు. ఇది చిన్న సవరణ. పెద్ద చిక్కు నీ ముగింపులో ఉంది. 1802 జూన్‌లో ఫ్రెంచివాళ్లు ఆయనను చర్చలకని పిలిచి బంధించారు. 1803 ఏప్రిల్ 7న ఫ్రాన్సులో జురా కొండల్లోని ఫోర్ట్ డి జూ కోటలో ఖైదీగా చనిపోయాడు. అక్కడ మా చేత కన్నీరు పెట్టించి కలం మూసేశావు. మరో ఏడు నెలలకు హైతీలోని వెర్టియేర్ దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడింది. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రమైంది. నీ మొదటి మాటే నిజమైతే ఈ ఏడాదిన్నర చరిత్రను ఎక్కడ పెడతావు?

ముందు ఆ పేజీలు రాసి చూడు. టూసాన్‌ను ఓడ ఎక్కించేనాటికి ఆయన సేనానులు డెసాలిన్, క్రిస్టోఫ్ ఇద్దరూ ఫ్రెంచి కొలువులో ఉన్నారు. తిరగబడినవాళ్లను వేటాడుతున్నది కూడా వాళ్లే! కొండల్లో మళ్లీ తుపాకులు పట్టింది చిన్న చిన్న దళాలు. వాటిలో ఒకదాని నాయకుడు ఆఫ్రికాలో పుట్టిన సాన్ సూసీ. మరో ఫ్రెంచి దీవి గ్వాడెలూప్‌లో బానిసత్వాన్ని తిరిగి తెస్తున్నారన్న వార్త వచ్చాక, ఫ్రెంచివాళ్లు జనం ఆయుధాలు ఎందుకు లాక్కుంటున్నారో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. సేనానులు ఫ్రెంచివాళ్లను వదిలి వచ్చింది అక్టోబరులో, అంటే జనం తర్వాతే. ఎల్లో ఫీవర్ ఫ్రెంచి దండును ఊడ్చేసింది, దండనాయకుడు లెక్లెర్క్ కూడా నవంబరులో దానికే బలయ్యాడు. 1803 మే నెలలో బ్రిటన్‌తో మళ్లీ యుద్ధం రావడంతో సముద్రపు దారీ మూసుకుపోయింది.

నిన్నటిదాకా తనను వేటాడినవాళ్ల ఆజ్ఞకు తలవంచనన్నాడు సాన్ సూసీ. క్రిస్టోఫ్ అతన్ని మాటలకని పిలిపించి చంపించాడు. టూసాన్‌ను పట్టుకున్న ఉపాయమే ఇది. నీ వ్యాసంలో అతని పేరే లేదు.

అలాగని టూసాన్‌ను చిన్నబుచ్చకు. యువకులు ఒక తప్పు దిద్దబోయి దాని ఎదుటి తప్పులో పడతారు. చెదిరిన గుంపులను కవాతు నేర్చిన సైన్యంగా మలిచింది ఆయన. 1798లో బ్రిటిష్ దండు ఆ దీవి వదిలిపోయింది ఆయన ఎదుటే. చివరికి గెలిపించిన సేనానులు కూడా ఆయన చేతికింద ఎదిగినవాళ్లే. ఆయన తప్పులకూ అంత బరువుంది. విముక్తులైన కూలీలను సైనిక శాసనంతో మళ్లీ తోటల్లోకే తోలాడు. ఆ పద్ధతికి ఎదురుతిరిగిన జనం పక్షాన నిలిచాడన్న నేరం మోపి, 1801లో మేనల్లుడిగా చూసుకున్న సేనాని మొయీజ్‌ను కాల్పించాడు. మరుసటి ఫిబ్రవరిలో ఫ్రెంచి ఓడలు వచ్చినప్పుడు ఆయన పిలుపుకు చాలామంది కదలలేదు. నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. నన్నడిగితే వ్యాసానికి ఇరుసు ఇదే.

ముప్పై ఏళ్ల కిందట నేనూ ఒక యుద్ధాన్నంతా సేనాని గుర్రం మీద నుంచే చూపించాను. కాలినడకన పోయినవాళ్లు అందులో దుమ్ముగా తప్ప కనిపించలేదు. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

‘ఒంటిచేత్తో’ అన్న మాట నాలుగుచోట్ల వాడావు, నాలుగూ కొట్టెయ్యి. సాన్ సూసీ గురించి దొరికేది తక్కువే, దొరికినంతే రాయి. కోటలో మరణం ఘట్టాన్ని మాత్రం కదపకు, బాగా వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో రెండో ప్రతి చూశాక మాట్లాడుకుందాం.