వేళ్ల సందుల్లో పాచిపోతే సాంబ్రాణి రాయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 48 ఏళ్లు, షుగర్ ఉంది. సార్వా నాట్లకి వెళ్లినప్పటి నుంచి కాలి వేళ్ల సందుల్లో చర్మం నాని తెల్లగా పాచిపోయింది. రాత్రిళ్లు ఒకటే దురద. సాంబ్రాణి పొడి కొబ్బరినూనెలో కలిపి రాయమని మా అత్తగారు అంటున్నారు. అది క్రిముల్ని చంపుతుందని ఫోన్‌లో వీడియో కూడా చూశాను. రాయొచ్చా?

జవాబు: మీ అత్తగారి మాటలో నిజం లేకపోలేదమ్మా. అసలు సాంబ్రాణి స్టైరాక్స్ జాతి చెట్ల బెరడుకి గాటు పెడితే కారి గడ్డకట్టే బంక, ఎక్కువగా సుమత్రా వైపు నుంచి వస్తుంది. అందులో బెంజోయిక్ ఆమ్లం, సిన్నమిక్ ఆమ్లం, కాస్త వెనిలిన్ ఉంటాయి. మీ వేళ్ల సందుల్లో పట్టినట్టున్న ఫంగస్‌ని, అంటే బూజు లాంటి క్రిమిని, ఆపేది ముఖ్యంగా ఈ బెంజోయిక్ ఆమ్లమే. పులుపు ఉన్నచోట ఇది ఫంగస్ కణం లోపలికి దూరిపోయి, అక్కడ ఆమ్లత్వం పెంచి, దాన్ని ఎదగనివ్వదు. కొట్లో కొనే సీసా పచ్చళ్లకి బూజు పట్టకుండా వేసే సోడియం బెంజోయేట్ కూడా దీన్నుంచి చేసిందే. 6 శాతం బెంజోయిక్ ఆమ్లం, 3 శాతం శాలిసిలిక్ ఆమ్లంతో విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ అని తామరకి ఎప్పటినుంచో వాడుతున్న మందు ఉంది.

అయినా మీరు రాయొద్దు. ఇంట్లో కలిపిన ముద్దలో ఆ ఆమ్లం ఎంతుందో ఎవరికీ తెలియదు, పైగా ఈ బంక పడక కొందరికి చర్మం ఎర్రగా పొంగి నీళ్లు కారుతుంది. ఇక కంప్యూటర్ సాంబ్రాణి, కప్పు సాంబ్రాణి అని అమ్మేవాటిలో బొగ్గుపొడి, రంపపు పొట్టు, సెంటు కూడా కలుస్తాయి, వాటిని పుండు దగ్గరికి రానివ్వకండి. పొగ పట్టినా లాభం లేదు, దగ్గు తప్ప. విట్‌ఫీల్డ్ కూడా మీకు వద్దు, చిట్లిన చర్మం మీద మండుతుంది, తోలు ఊడుతుంది, షుగర్ ఉన్న కాలికి అది మంచిది కాదు.

క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము పొద్దున, రాత్రి పల్చగా రాయండి, దురద పోయినా మానకుండా 4 వారాలు. మందుల షాపులో అడిగితే చాలాసార్లు స్టెరాయిడ్ కలిపిన ట్యూబు ఇస్తారు, రెండ్రోజుల్లో హాయిగా ఉంటుంది గానీ లోపల ఫంగస్ బాగా పాకుతుంది, అందుకే పెట్టె మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేర్లుంటే తిప్పి ఇచ్చేయండి. బూట్లు వేసుకుని నాట్లు వేయమని చెప్పను, ఆ బురదలో కుదిరే పని కాదు. చేలోంచి రాగానే మంచినీళ్లతో కడిగి, పాత నూలుగుడ్డతో ఒక్కో సందూ తుడిచి, పూర్తిగా ఆరాకే క్రీము రాయండి. వీలైతే ఒక వారం నీళ్లలో దిగకండి.

పాదం ఎర్రగా వాచినా, చీము పట్టినా, చలిజ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మీ ఇంట్లో బోదకాలు ఉన్నవాళ్లుంటే వాళ్ల వేళ్ల సందులు కూడా చూడండి, మాటిమాటికీ జ్వరంతో కాలు వాచడానికి క్రిములు చాలాసార్లు ఆ పగుళ్లలోంచే దూరుతాయి. షుగర్ పరీక్ష చేయించుకుని మూడు నెలలు దాటితే ఈ వారమే పీహెచ్‌సీలో చేయించుకోండి, పాదాల్లో స్పర్శ ఎలా ఉందో కూడా చూడమని అడగండి.