తోట వాల్యుయేషన్ వద్దు, పుట్టిన ఊరి రిజిస్టర్ వెతికించండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా వారు అమెరికా సిటిజన్. నన్ను అక్కడికి తీసుకెళ్లడానికి ఆయన వేసిన ఐ-130 పిటిషన్ అప్రూవ్ అయింది, ఇప్పుడు నేషనల్ వీసా సెంటర్ వాళ్లు కాగితాలు అప్‌లోడ్ చేయమంటున్నారు. నేను 1995లో గోదావరి లంక ఊళ్లో మా అమ్మమ్మ గారింట్లో పుట్టాను. బర్త్ సర్టిఫికెట్ 1996 తుఫానులో పోయిందట. పెళ్లికి ముందు రెండేళ్లు దుబాయ్‌లో పనిచేశాను. నాన్నగారి కొబ్బరితోటకి వాల్యుయేషన్ చేయించమని అందరూ అంటున్నారు. చేయించాలా?
- ఒక సోదరి, కోనసీమ

జవాబు: వద్దమ్మా, ఆ డబ్బు దాచుకోండి. తోట వాల్యుయేషన్, సీఏ సర్టిఫికెట్ చదువు వీసాకి వెళ్లే పిల్లల కోసం చేయిస్తారు, అది చూసి మన వైపు ఏ వీసాకైనా అదే కావాలనుకుంటున్నారు. మీ కేసులో ఆదాయం చూపించాల్సింది మీ వారు. ఆయన మీ ఖర్చుకి పూచీ పడుతూ ఐ-864 ఫారం నింపి టాక్స్ రిటర్న్, జీతం కాగితాలు పెట్టాలి. ఆదాయం అక్కడి పేదరిక పరిమితికి 125 శాతమైనా ఉండాలి, చాలకపోతే అమెరికాలోనే ఉంటున్న సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు గానీ జాయింట్ స్పాన్సర్‌గా, అంటే ఆయనతో పాటు పూచీ పడేవారిగా రావచ్చు.

మీ అసలు పని బర్త్ సర్టిఫికెట్. తుఫానులో పోయింది మీ ఇంట్లో ఉన్న కాగితం, రిజిస్టర్ కూడా పోయిందని మీరే అనేసుకోకండి. జననం నమోదయ్యేది పుట్టిన ఊళ్లో, అంటే అమ్మమ్మ గారి ఊళ్లో, కాబట్టి మీ ఊరి చుట్టూ తిరగకుండా ఆ ఊరి సచివాలయానికి వెళ్లి, పాత రిజిస్టర్లు తహసీల్దారు ఆఫీసులో ఉన్నాయంటే అక్కడ కూడా వెతికించండి. దొరక్కపోతే నమోదు లేదని వాళ్ల దగ్గరే రాయించుకుని, దానికి అమ్మానాన్నల అఫిడవిట్లు, పదో తరగతి సర్టిఫికెట్ జతచేయండి. కాగితం తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం, దాని కింద అనువదించినవారి ధ్రువీకరణ తప్పనిసరి.

ఇంకో టెన్షన్ మన ఇంటిపేర్లతో. పదో తరగతిలో ఒక్క అక్షరంగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లి సర్టిఫికెట్లో అత్తవారిది ఉంటుంది. ఆన్‌లైన్ వీసా దరఖాస్తు డీఎస్-260లో ఇతర పేర్లు అడిగిన చోట ఇవన్నీ రాసేయండి, ఈ పేర్లన్నీ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

పోలీస్ క్లియరెన్స్ ఇక్కడిది పాస్‌పోర్ట్ ఆఫీసు ఇస్తుంది. వేరే దేశంలో ఏడాది, అంతకు మించి ఉంటే అక్కడిది కూడా కావాలి, కాబట్టి దుబాయ్‌ది ఈ వారమే మొదలుపెట్టండి, దూరం నుంచి తెప్పించుకోవడానికి టైమ్ పడుతుంది.

పెళ్లికి సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్టే పెట్టండి, అన్నవరంలో చేసుకున్నా సరే దేవస్థానం రసీదు దానికి బదులు కాదు. ఆల్బమ్ మొత్తం అక్కర్లేదు, ఇరువైపుల వాళ్లూ కనిపించే ఫొటోలు కొన్ని చాలు. అప్‌లోడ్ చేసేవి స్కాన్ కాపీలే, ఒరిజినల్స్ అన్నీ ముంబైలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ రోజున మీ చేతిలో ఉండాలి.