చెన్నై వేళచ్చేరి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వరద సెన్సర్ పెట్టిస్తే పనికొస్తుందా?

సెల్లార్‌లో నీటిమట్టం చెప్పే సెన్సర్ పెట్టిద్దామని మీ అసోసియేషన్‌లో కొందరు, డబ్బు దండగని కొందరు అంటున్నారని రాశారు. పెట్టించండి, కానీ సెల్లార్‌లో వద్దండీ. మేం చేసిన తప్పు అదే.

మాదీ వేళచ్చేరే. 2023లో సెల్లార్ పైకప్పుకు అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించాం. అది కిందికి శబ్ద తరంగం వదిలి, తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి నీటి ఎత్తు లెక్కగడుతుంది. నెల తిరక్కుండానే దానికి సాలెగూడు పట్టింది. చుక్క నీరు లేకపోయినా అర్ధరాత్రి ఫోన్లు మోగాయి. రెండుసార్లు లుంగీలతో పరుగెత్తాక అందరూ సైలెంట్‌లో పెట్టేశారు.

డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను. ముందుజాగ్రత్తగా కరెంటు తీసేశారు. వైఫై రూటర్ ఆగింది, కాసేపటికి సెల్ సిగ్నలూ పోయింది. సెన్సర్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి కొలుస్తూనే ఉంది పాపం, చెప్పడానికే దారి లేదు. వాచ్‌మన్ తలుపు కొట్టేసరికి ఏడు కార్లు మునిగాయి. నీళ్లు మొదట వచ్చింది ర్యాంపు మీంచి కాదు, డ్రైనేజీ ఎదురుతన్ని సెల్లార్ బాత్రూంలోంచి. (మర్నాడు అదే తుపాను మా అత్తగారి ఊరు బాపట్ల దగ్గర తీరం దాటింది. వాళ్లకు జాగ్రత్త చెబుదామన్నా ఫోను కలవలేదు.)

మన దగ్గర వాన తగ్గింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఇక్కడి నీరు పళ్లికరణై చిత్తడి నేలకు, అక్కడినుంచి ఒక్కియం మడువు అనే నీటి పాయ మీదుగా బకింగ్‌హామ్ కాలువకు, ఆపైన కోవళం దగ్గర సముద్రానికి పోవాలి. చిత్తడి నేల నిండి, సముద్రం పోటు మీద ఉంటే వాన వెలిశాక కూడా వీధిలో నీరు తీయదు. అందుకే ఇప్పుడు మా సెన్సర్ గేటు బయట, వాననీటి కాలువ మీద ఉంది. సెల్లార్‌లో నీరు కనిపించాక తెలిసి ఏం లాభం? కాలువ ఎంత నిండిందన్న దానికంటే, పావుగంటలో ఎంత పెరిగిందన్నది చూసి మోగేలా మార్పించాం. మెట్ల దగ్గర సైరన్‌కు నేరుగా వైరు లాగాం, నెట్‌తో పని లేదు, బ్యాటరీ మీదే నడుస్తుంది.

డ్రైనేజీ పైపుకు నీరు వెనక్కి రానివ్వని వాల్వ్ వేయించాం. కరెంటు (ఈబీ) మీటర్ బోర్డు పైకి మార్చాం. ఖర్చంతా దానికే అయింది, గొడవలూ దానికే. సెన్సర్‌ను నెలకోసారి తుడిచేది ఎవరో మాత్రం మీటింగ్‌లోనే తేల్చుకోండి.

2024 అక్టోబరులో సైరన్ మోగింది. కారు తీసి ఫ్లైఓవర్‌కు వెళ్తే అక్కడ చోటే లేదు. వాన హెచ్చరిక వినగానే, ఏ సెన్సరూ లేనివాళ్లంతా అప్పటికే వరసగా కార్లు పెట్టేసుకున్నారు.