జాబ్‌సెంటర్‌లో తొలి వారాలు: ఏం అడగాలి, ఏం రాసిపెట్టుకోవాలి

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు, బ్రిటిష్ పౌరుడు. అకౌంట్స్ అసిస్టెంట్‌గా చేసిన కాంట్రాక్టు అయిపోయి యూనివర్సల్ క్రెడిట్‌కు (పని లేనివాళ్లకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు బ్రిటన్ ప్రభుత్వమిచ్చే భత్యం) దరఖాస్తు పెట్టుకున్నాడు. జాబ్‌సెంటర్ (ప్రభుత్వ ఉపాధి కార్యాలయం) వాళ్లు వారం వారం రమ్మంటారు, పది నిమిషాల్లో పంపేస్తారు. దీనివల్ల లాభముందా? (ఒక తండ్రి, లెస్టర్)

జవాబు: ఉంది, కానీ అడిగి రాబట్టుకోవాలి. వర్క్ కోచ్‌కు (జాబ్‌సెంటర్‌లో అతన్ని కలిసే ఉద్యోగి) ఉండే పది నిమిషాలూ "ఈ వారం ఏం చేశావు?" అన్నదానికే పోతాయి. ఆ సమాధానం ముందే జర్నల్‌లో (యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలో రాసుకునే చోటు) ఉంటే, కూర్చున్నాక అసలు సంగతి మాట్లాడుకోవచ్చు. "చాలా ఉద్యోగాలకు అప్లై చేశాను" అని రాస్తే లెక్కలోకి రాదు. తేదీ, కంపెనీ, ఉద్యోగం పేరు, పట్టిన సమయం, వచ్చిన జవాబు రాయాలి. క్లెయిమెంట్ కమిట్‌మెంట్‌లో (భత్యం కోసం ఒప్పుకునే షరతుల పత్రం) వారానికి 35 గంటల దాకా వెతకమంటారు. సీవీ దిద్దుకోవడం, ఇంటర్వ్యూకు తయారవడం కూడా అందులో వేసుకోవచ్చు.

సొంత రంగంలోనే వెతుక్కోవడానికి ఇచ్చే గడువు మహా అయితే 4 వారాలు. 2022కు ముందు 3 నెలలు ఉండేది. గడువు దాటాక ఏ పనికైనా వెళ్లమంటారు. అందుకే అకౌంట్స్ దరఖాస్తులన్నీ ఇప్పుడే, ముందుగా పంపేయాలి.

ప్రతి భేటీలో ఒక్కటి అడిగితే చాలు. ఇంటర్వ్యూకు రైలు ఛార్జీ, సూటు, చిన్న కోర్సు ఫీజు లాంటివి జాబ్‌సెంటర్ దగ్గరుండే ఫ్లెక్సిబుల్ సపోర్ట్ ఫండ్ అనే సహాయ నిధి నుంచి ఇవ్వొచ్చు. అది హక్కు కాదు, కోచ్ విచక్షణ. ఖర్చు పెట్టకముందే అడగాలి. రసీదు పట్టుకుని తర్వాత వెళ్తే సాధారణంగా కుదరదు. సెక్టార్ బేస్డ్ వర్క్ అకాడమీలో ఖాళీలున్నాయా అనీ అడగమనండి: 6 వారాల లోపు శిక్షణ, పని అనుభవం, చివర ఖాయంగా ఒక ఇంటర్వ్యూ. ఆ ఆరు వారాలూ భత్యం ఆగదు. నన్నడిగితే కుర్రాళ్లకు వీటన్నిటిలో ఎక్కువ పనికొచ్చేది ఇదే.

ఈలోగా పార్ట్‌టైమ్ దొరికితే వదులుకోవద్దు. పిల్లలు లేని, ఆరోగ్యంగా ఉన్న వ్యక్తికి చేతికొచ్చే ప్రతి 100 పౌండ్ల జీతానికి భత్యంలో 55 తగ్గుతుంది, 45 మిగులుతుంది. సీవీలో ఖాళీ కూడా కనబడదు.

భేటీకి వెళ్లలేకపోతే ముందే జర్నల్‌లో కారణం రాయాలి. సరైన కారణం లేకుండా మానేస్తే భత్యంలో కోత పడుతుంది: మళ్లీ వాళ్లను సంప్రదించి భేటీ కుదుర్చుకునే దాకా, ఆపైన మొదటిసారి 7 రోజులు. అన్యాయమనిపిస్తే నెల లోపు పునఃపరిశీలన అడగొచ్చు.

మరో మాట. "ప్రభుత్వ నిధులు వర్తించవు" అన్న షరతున్న వీసా మీద ఉన్న అతని స్నేహితులెవరూ ఇది చూసి యూనివర్సల్ క్రెడిట్‌కు దరఖాస్తు పెట్టకూడదు, వీసాకే ముప్పు.