పాత మాన్యువల్ లెన్సుతో ఫ్లాష్: వెలిసిపోతున్న ఫొటోల గురించి

పాత 50 ఎంఎం మాన్యువల్ లెన్సును అడాప్టరుతో డిజిటల్ కెమెరాకు తగిలించి, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణల తయారీని ఫ్లాష్‌తో తీస్తే, ఒక ఫొటో తెల్లగా వెలిసిపోయి మరొకటి చీకటిగా వస్తోందని రాశారు. లోపం లెన్సుది కాకపోవచ్చు. చిప్ లేని అడాప్టరు వల్ల అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎంతో కెమెరాకు తెలియదు కనుక, టీటీఎల్‌ను (ఫ్లాష్ వెలుగును కెమెరాయే కొలిచి సర్దే పద్ధతిని) నమ్ముకోకుండా కెమెరానూ ఫ్లాష్‌నూ మాన్యువల్‌లోనే పెట్టండి.

షట్టరు 1/160 సెకను దగ్గర ఉంచండి. వేగం మరీ పెంచితే ఫ్రేములో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది. ఇక అసలు లెక్క: ఫ్లాష్ గైడ్ నంబరును (ఫ్లాష్ పూర్తి శక్తిని చెప్పే అంకెను) దూరంతో భాగిస్తే అపర్చర్ వస్తుంది. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 వద్ద ఆ నంబరు మీటర్లలో 32 అనుకుంటే, నాలుగు మీటర్ల అవతల కూర్చున్న కళాకారుడికి ఎఫ్/8 సరిపోతుంది. మీరు రెండు మీటర్లకు జరిగితే అపర్చర్ రింగును ఎఫ్/16కు తిప్పాలి, లేదా ఎఫ్/8లోనే ఉంచి ఫ్లాష్ శక్తిని 1/4కు తగ్గించాలి. దూరానికి టేపు అక్కర్లేదు. ఫోకస్ కుదిరాక లెన్సు మీది మీటర్ల అంకెను చూస్తే చాలు. పాత లెన్సుల్లో నాకు నచ్చే సుఖం ఇదే.

అయితే, మెరుగుపెట్టిన పనస చెక్క వెలుగును అద్దంలా తిప్పికొడుతుంది. ఫ్లాష్ తలను పక్కనున్న తెల్లగోడ వైపు తిప్పి, అపర్చర్‌ను రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) తెరిచి, ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగునీడల గ్రాఫు) చూసి సరిదిద్దుకోండి. మీ ఫ్లాష్ కూడా ఫిల్మ్ కాలం నాటిదైతే మాత్రం, దాని ట్రిగ్గర్ వోల్టేజీని (ఫ్లాష్ తగిలించే చోట కెమెరా మీద పడే వోల్టేజీని) కొలిపించకుండా కెమెరాకు తగిలించకండి. కొన్నింటిలో అది 200 వోల్టులు దాటుతుంది, కెమెరా పాడవచ్చు.