అమ్మాయికి డిగ్రీ ఎందుకని అడిగిన గుంటూరు నాన్నగారికి

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్ బైపీసీ 861 మార్కులతో పాసైంది, నీట్‌లో ర్యాంకు రాలేదు. తెలిసినవాళ్లు ఒక ప్రైవేట్ ఆసుపత్రి రిసెప్షన్‌లో నెలకి 10 వేలకి పెట్టిస్తామంటున్నారు. వాళ్లమ్మ మాత్రం డిగ్రీ చదివించాల్సిందే అంటోంది. మా అన్న కొడుకు బీటెక్ చేసి కూడా ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. మూడేళ్లు చదివించాక మళ్లీ అదే 10 వేల ఉద్యోగమైతే ఏం లాభం? మంచి సంబంధం వస్తే ఎలాగూ చేసేస్తాం. సూటిగా చెప్పండి.

జవాబు: సూటిగానే చెప్తానండి. చదివించండి. అలాగని ఏ డిగ్రీ అయినా, ఏ కాలేజీ అయినా పర్లేదని మాత్రం అనను. మీ అన్నగారి అబ్బాయి విషయంలో మీ భయం ఉత్తది కాదు, దాని సంగతి కాస్త ఆగి రాస్తాను.

ముందు మీ లెక్కే వేద్దాం. నెలకి 10 వేలంటే మూడేళ్లకి 3 లక్షల 60 వేలు. గుమాస్తా జీతం మీద ఇల్లు నడిపేవాళ్లకి అది చిన్న డబ్బు కాదు, 'అదెంతలెండి' అని తీసిపారేసేవాళ్లని నేనూ నమ్మను. కానీ లెక్క మూడేళ్ల దగ్గరే ఎందుకు ఆపేశారు? ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ కౌంటర్లో ఆరేడేళ్లుగా కూర్చున్న అమ్మాయి ఎవరైనా ఉంటే, చేరినప్పుడు ఎంత, ఇప్పుడెంత అని మెల్లగా అడిగి చూడండి. అలాంటి అమ్మాయిలు నా దగ్గరికి 25, 26 ఏళ్లు వచ్చాక వస్తారు, 'సార్, ఇప్పుడు డిగ్రీ కట్టొచ్చా' అని. కట్టొచ్చు, దూరవిద్యలో. ఇగ్నో ఉంది, నాగార్జున యూనివర్సిటీ దూరవిద్య కూడా ఉంది. కాకపోతే పగలంతా డ్యూటీ చేసి, ఇంటికొచ్చి వంట చేసి, రాత్రి పదింటికి పుస్తకం తీసేవాళ్లలో ఎంతమంది చివరిదాకా నిలబడతారో మీరే ఊహించుకోండి.

ఉద్యోగ నోటిఫికేషన్లలో 'ఏదైనా డిగ్రీ' అని ఒక ముక్క ఉంటుంది చూశారా, దాని విలువ అది లేనివాళ్లకే తెలుస్తుంది. బ్యాంకు క్లర్కు దగ్గర్నుంచి గ్రూప్-2, గ్రూప్-1, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్, సివిల్స్ దాకా అన్నిటికీ డిగ్రీ ఉండాలి. ఇంటర్‌తో కానిస్టేబుల్, ఎస్‌ఎస్‌సీ వాళ్లదే సీహెచ్‌ఎస్‌ఎల్ లాంటివి కొన్ని ఉన్నాయి, అంతే. బీఈడీ చేయాలన్నా, మూడేళ్ల లా చదవాలన్నా, ఎంబీఏ, ఎంసీఏ చేయాలన్నా ముందు డిగ్రీయే అడుగుతారు. డిగ్రీ ఉన్నంత మాత్రాన ఉద్యోగం వచ్చేస్తుందని చెప్పను, ఆ పరీక్షలు లక్షల మంది రాస్తారు. కానీ డిగ్రీ లేకపోతే దరఖాస్తే ముందుకు కదలదు. బ్యాంకు క్లర్కుకి 20 నుంచి 28 ఏళ్ల మధ్య రాసుకోవచ్చు, బీసీలకీ ఎస్సీ, ఎస్టీలకీ ఇంకాస్త సడలింపు ఉంటుంది. మీ అమ్మాయికి 21కి డిగ్రీ చేతికొచ్చినా ఇంకా ఏడేళ్ల టైముంది.

ఇక మీకు బాగా తెలిసిన సరుకు మాట. కొట్లో మచ్చు చేతిలోకి తీసుకుంటే మీకు చాలు, కాయ విరిచి తేమ ఎంతుందో, తాలు ఎంత కలిసిందో, నిరుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టిందా ఈ ఏటి కొత్త పంటా అన్నది చెప్పేస్తారు. అది ఏ కాలేజీలోనూ నేర్పరు. మరి అదే సరుకు విదేశానికి వెళ్లాలంటే మీ చెయ్యి, మీ కన్ను సరిపోవు. కల్లంలో తడి తగిలిన కాయకి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కంటికి కనపడదు, వాసన రాదు. యూరప్ వాళ్లు కిలోకి 10 మైక్రోగ్రాములు దాటితే సరుకు దింపుకోరు. అది తేల్చేది ల్యాబు. రంగు ఎంత, ఘాటు ఎంత, పురుగుమందు ఎంత మిగిలింది, సూడాన్ లాంటి కృత్రిమ రంగు కలిపారా అన్నవి కూడా అక్కడే చూస్తారు. స్పైసెస్ బోర్డు ల్యాబు గుంటూరులోనే ఉంది, ఎగుమతి చేసే కంపెనీలకి, మిరప నుంచి సారం తీసే ఫ్యాక్టరీలకి సొంత ల్యాబులూ ఉంటాయి. వాటిలో తెల్లకోటు వేసుకుని రిపోర్టు మీద సంతకం పెట్టేవాళ్లు కెమిస్ట్రీయో మైక్రోబయాలజీయో ఫుడ్ టెక్నాలజీయో చదివినవాళ్లు. కొందరు డిగ్రీతోనే చేరతారు, పైకి ఎదగాలంటే ఎంఎస్సీ కావాలి. మొదటి జీతం చూసి మీరు ఎగిరి గంతేస్తారని అనను. మీరు పట్టీ రాసి పంపిన టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, కదలాలా ఆగాలా అన్నది తేల్చే రిపోర్టు రేపు మీ అమ్మాయి రాయొచ్చు, నేను చెప్పేది అంతవరకే. అంతెందుకు, మీరు యార్డులో రోజూ 334 అంటారే, ఆ మిర్చి రకం తయారైంది మీ ఊరి పక్కన లాం పరిశోధన కేంద్రంలోనే.

అన్నట్టు ఈఏపీసెట్ అగ్రికల్చర్ రాసిందా? మీరు ఆ మాటే ఎత్తలేదు. రాసుంటే ర్యాంకు చూడండి, బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్లు, బాపట్ల కాలేజీ 1945 నుంచి ఉంది. బీఎస్సీ నర్సింగ్ కూడా ఆలోచించదగ్గదే. నీట్ పోయిందంటే బైపీసీయే వృథా అయిందనుకునే ఇళ్లు మన దగ్గర మరీ ఎక్కువ.

ఇప్పుడు మీ అన్నగారి అబ్బాయి. అతను ఎక్కడ చదివాడో, ఎలా చదివాడో నాకు తెలీదు కాబట్టి అతన్ని ఏమీ అనను. కానీ 'అటెండెన్స్ మేం చూసుకుంటాం, మీరు పరీక్షలకి వస్తే చాలు' అనే కాలేజీలు మన వైపూ ఉన్నాయి. అలాంటి చోట మూడేళ్లు కట్టి తెచ్చుకున్న కాగితం ఇంటర్వ్యూలో రెండు నిమిషాలు కూడా నిలబడదు. అందుకే చేర్చే ముందు కాలేజీ తెరిచి ఉన్న రోజు మధ్యాహ్నం రెండున్నరకి, చెప్పకుండా వెళ్లండి. ఆఫీసు గదిలో కూర్చోకండి, నేరుగా కెమిస్ట్రీ ల్యాబుకి వెళ్లండి. బర్నర్ వెలుగుతోందా, సింకులో నీళ్లొస్తున్నాయా, సీసాల మీద లేబుళ్లు కొత్తవా, లేక దుమ్ము పట్టి అక్షరాలు చెరిగిపోయాయా చూడండి. మైక్రోస్కోపులు బీరువాలో తాళం వేసి ఉంటే బయటికి వచ్చేయండి. తర్వాత గేటు దగ్గర థర్డ్ ఇయర్ పిల్లల్ని ఇద్దర్ని పట్టుకుని పోయినవారం ఏ ప్రాక్టికల్ చేశారో అడగండి. బ్రోచర్ కంటే ఆ ఇద్దరే నిజం చెప్తారు.

గుంటూరులో ప్రభుత్వ మహిళా కళాశాల ఉంది, 1885 నాటి ఏసీ కాలేజీ ఉంది, హిందూ కాలేజీ ఉంది. విజయవాడ పంపగలిగితే మారిస్ స్టెల్లా ఉంది. పేరు చూసి మురిసిపోకండి, వీటికీ అదే పరీక్ష పెట్టండి. ఇంటి నుంచి వెళ్లొచ్చేట్టయితే ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తీసుకుంటే చార్జీల బాధ చాలావరకు తగ్గుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ధైర్యంగా ఉంటే ఒక్క జాగ్రత్త. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే ముందు మీరు కట్టాలా, సర్టిఫికెట్లు ఆపుతారా అన్నది చేరేముందే అడిగి, వీలైతే కాగితం మీద రాయించుకోండి. నా చదువప్పుడు ఇలాగే బకాయి ఉందని మా కాలేజీ టీసీ నాలుగు నెలలు ఆపేసింది, నేను తెనాలి నుంచి ప్యాసింజర్ బండెక్కి ఆ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో, ఆ క్లర్కు ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు. హాజరు 75 శాతం తగ్గినా స్కాలర్‌షిప్‌కి ఇబ్బందే.

పెళ్లి సంగతి మీరు అడగలేదు, కానీ చివర్లో మీరే రాశారు కాబట్టి చెప్తున్నాను. సంబంధం చూసేటప్పుడు చదువు మానిపించకుండా ఉంటామని మాట తీసుకుంటాం కదా అనుకుంటారు. మా దగ్గరికి వచ్చే కేసుల్లో ఆ మాట నిలబడ్డవి తక్కువ. సెకండియర్ మధ్యలో ఆగిపోయిన డిగ్రీని మళ్లీ పట్టాలెక్కించడం కొత్తగా చేర్చడం కంటే కష్టం. మూడేళ్లు పూర్తయ్యేదాకా ఆగండి, 21కి పెళ్లి ఏమీ ఆలస్యం కాదు.

ఇంకొకటి. మీరు రాసిందాంట్లో మీ అభిప్రాయం ఉంది, వాళ్లమ్మ అభిప్రాయం ఉంది, మీ అన్నగారి కొడుకు సంగతి కూడా ఉంది. అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. తనకి నిజంగా పుస్తకం మీద మనసు లేదంటే, ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా లాంటిది చూద్దాం, రిసెప్షన్ కంటే అదే నయం. కెమిస్ట్రీ ఇష్టమో, బోటనీ ఇష్టమో, అసలు చదువే వద్దో మీరే అడగండి, వాళ్లమ్మ చేత అడిగించకండి. యార్డుకి సెలవు ఉన్న రోజు తీరిగ్గా కూర్చుని అడిగితే ఇంకా మంచిది.

ఈలోపు ఇంటర్ మెమో, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు తీసి ఒక కవర్లో పెట్టుకోండి. డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్‌లోనే. వెబ్ ఆప్షన్లు పెట్టే పని నెట్ సెంటర్ కుర్రాడికి వదిలేయకండి, ఏ కాలేజీకి కమీషన్ వస్తే దాన్ని మొదటి ఆప్షన్‌గా కొట్టేసేవాళ్లున్నారు. అమ్మాయినీ తీసుకెళ్లి పక్కన కూర్చుని, వరుస మీరిద్దరూ చూసుకున్నాకే సబ్మిట్ నొక్కించండి.